ఏడో పిన్ను మీద గంధం

డిగ్రీ లేనివాడు పెట్టిన టంకం అతకదని కొందరి నమ్మకం. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మౌలాలిలో మా మోటార్ల కార్ఖానాకు యూనిక్స్ లాంటి వ్యవస్థతో నడిచే కంప్యూటర్ వచ్చింది. పెట్టె ఒక గదిలో, తెరా కీబోర్డూ ఉండే దాని టెర్మినళ్లు నాలుగు గదుల్లో. కేబుళ్లన్నీ లాగిందీ, కొసల్లో ప్లగ్గులకు టంకం పెట్టిందీ నేనే. పదో తరగతి తప్పిన ఎలక్ట్రీషియన్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని మాన్యువల్ మొత్తం చదివాను.

దసరా సెలవులయ్యాక స్టోర్స్ టెర్మినల్‌లో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు. అక్కడ పనిచేసే గుంటూరమ్మాయి నవ్వింది.

"అన్నయ్యగారూ, ఇది అన్యభాషల్లో మాట్లాడుతోందండీ. మా పాస్టరుగారిని పిలవమంటారా?"

కంప్యూటర్ అమ్మినవాళ్ల ఇంజనీరు టై కట్టుకుని వచ్చాడు. "కేబుల్ ఎవరు చేసిండ్రు?"

"నేనే."

"అందుకే గిట్లుంది. సార్, మొత్తం పీకి మావోళ్లతోని వేయిస్తా."

మేనేజరు నావైపు తిరిగాడు. "లంచ్ దాకా చూడు. కాకుంటే రేపట్నుంచి మళ్ల వైండింగ్ షెడ్డుకే పోతవ్."

పెట్టెలోనూ టెర్మినల్‌లోనూ అక్షరాలు పంపే స్పీడు ఒకటే. పక్క గది టెర్మినల్ తెచ్చి పెట్టినా అవే గుర్తులు. పెట్టె దగ్గర సాకెట్ మార్చినా అంతే. ఇక మిగిలింది కేబులే.

"నేను చెప్పలే?" అన్నాడు ఇంజనీరు.

ప్లగ్గులు విప్పి, తీగ తెగకుంటే కూత పెట్టే మీటరు పెట్టాను. టంకం నుంచి టంకానికి ప్రతి తీగా పలికింది. పిన్నుల కొసల మీద పెడితే మాత్రం ఏడోది పలకలేదు. రెండు చివరలకూ సున్నా వోల్టు ఎక్కడో చెప్పే తీగ అదే. అది తెగితే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు.

ప్లగ్గును వెలుతురులోకి తిప్పాను. పై వరుస నట్టనడుమ ఎండిపోయిన గంధం బొట్టు!

ఆయుధపూజకు ముందు దుమ్ము దులపడానికి ప్లగ్గులన్నీ ఊడదీశాను. మూడింటికి వీపున పెట్టిన బొట్టు, కేబుల్ తిరగకుండా బిగుసుకున్న దీనికి పిన్నులున్న ముఖాన పెట్టి మళ్లీ తగిలించాను.

"టంకం ఎట్లుంది సార్?" అని ఇంజనీరును అడిగాను.

"మరి బొట్టు ఎవరిదండీ, అన్నయ్యగారూ?"

"నాదేనమ్మా."

మేనేజరుకు నవ్వు ఆగలేదు. స్పిరిట్లో ముంచిన పళ్ల బ్రష్షుతో పిన్నును రుద్ది నేను ప్లగ్గు తగిలించగానే తెర మీద తిన్నగా 'లాగిన్' అని వచ్చింది.

"షెడ్డు వద్దులే. ఇక్కడనే ఉండు," అన్నాడాయన.

ఇంజనీరు మాత్రం సర్వీసు కాగితంలో 'కేబుల్ బాగుచేయబడినది' అని రాసి సంతకం పెట్టాడు. బాగుచేయడానికి నా కేబుల్‌కేమైందని? ఆ వాక్యం నేనే కొట్టేసి, 'గంధం తుడవబడినది' అని రాయించాకే అతణ్ని మెట్లు దిగనిచ్చాను.