తాతబాబు కొత్తగా చేసిన పాత క్యాలిక్యులేటర్

బచేలి ఇనుపగనుల క్వార్టర్స్‌లో ఎవరింట్లో టీవీ రిమోట్ బటన్లు మాయమైనా, ముందు తాతబాబు జేబులే తడుముతారు. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే ఈ పెద్దమనిషి, గనుల సర్వేకి ఒకప్పుడు వాడిన ప్రోగ్రాములు రాసుకునే క్యాలిక్యులేటర్‌కు అచ్చమైన నకలు చేస్తున్నాడు. లెక్క ఇస్తే అది అసలుదానిలాగే ఎర్రంకెలు మిణుకుమిణుకుమనిపిస్తూ తీరిగ్గా ఆలోచించాలి. తొందరగా జవాబు చెప్పిందంటే ఆ పూట ఆయనకు అన్నం సయించదు.

ఆదివారం యేసుపాదం వచ్చాడు. అసలుదాన్ని వాడిన సర్వేయర్లలో ఊళ్లో మిగిలింది ఆయనొక్కడే. ఆయన ఔనంటేనే ఇన్నాళ్ల చాకిరీకి అర్థం. యేసుపాదం నొక్కి చూసి పెదవి విరిచాడు.

"ఇదేటి తాతబాబూ, ఇంత బుద్ధిగా ఉంది? దాని ఏడు బటన్‌లో గని దుమ్ము దూరి, ఒకసారి నొక్కితే రెండు ఏడులు పడీవి!"

తాతబాబు కిటికీ చువ్వల మీది ఎర్రదుమ్ము చెంచాతో గీకి బటన్ కింద పోశాడు.

"ఇల్లు దులపమంటే ఇనపడదు గానీ, దానికి ముద్దలు పెడతన్నాడు," అంది భార్య పోలమ్మ.

యేసుపాదం ఏడు నొక్కాడు. రెండు పడ్డాయి.

"నీ దుంప తెగ, మళ్లీ మొదలెట్టీసినావా!" అని పాత అలవాటు కొద్దీ క్యాలిక్యులేటర్‌ని తిట్టాడు.

తాతబాబు కళ్లు చెమర్చాయి. "ఇన్నావా పోలమ్మా, గుర్తుపట్టీసినాడు!"