తిరిగి ఇవ్వక్కర్లేని జెర్సీ

"తమ్ముడా, ఆదివారం మీ బావ ఆకరి ఆట. ఈపాలి మన బస్తీ తరఫునే. రాకపోతే నాతో మరి మాటాడకు," అని కలకత్తాలో ఉన్న అక్క ఫోన్ పెట్టేసింది. అక్క అలక భరించడం నావల్ల కాదు. శనివారం సాయంత్రం అయిదున్నరకు శ్రీకాకుళం రోడ్డులో హౌరా బండి ఎక్కాను. స్లీపర్, పై బెర్తు. మీరెవరైనా వెళ్తే ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లండి. బండిలో అమ్మే బిర్యానీ గురించి నేనేమీ అనను.

ఎదురు సీటాయన పలాసవాడు, లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బావ పేరు చెప్పగానే లేచి కూర్చున్నాడు.

"ఖేప్ అప్పన్నా? మా లిలువాకి మూడేళ్లు ఆడినాడు బాబూ! మరుసటేడు మా మీదే ఆడినాడు, దొంగోడు! ఎక్కడ కనబడినా 'ఈపాలి ఎవుల తరఫున?' అనే అడుగుతాం."

ఖేప్ అంటే కిరాయి ఆట. కలకత్తాలో పేటల మధ్య ఫుట్‌బాల్ పోటీలకు బయటి ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చుకుంటారు. బావ ఇరవై రెండేళ్లుగా బారాసత్, హల్దియా, ఖరగ్‌పూర్, ఎవరు పిలిస్తే వాళ్లకు ఆడాడు. డిఫెన్స్ ఆటగాడు. గోలు కొట్టినవాడి పేరు గుర్తుంటుంది గానీ ఆపినవాడిది ఎవడికి కావాలి? ఆట అవగానే జెర్సీ విప్పి ఇచ్చేయాలి, అది ఖేప్ పద్ధతి. అందుకే ఇంట్లో ఒక్క జెర్సీ లేదు. కిరాయివాడని సొంత తెలుగు బస్తీ ఎప్పుడూ పిలవలేదు. ఇప్పుడు వాళ్ల డిఫెన్స్ కుర్రాడి కాలు బెణికితే, నలభై రెండేళ్ల బావ గుర్తొచ్చాడు.

ఆదివారం ఉదయం ఏడుంపావుకు హౌరా. మట్టి ముంతలో టీ తాగి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు ఖిదిర్‌పూర్. అక్కావాళ్లుండే డాక్ క్వార్టర్స్‌లో బావ మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"ఏటి బావా, భయమా?"

"ఎదరున్నది నాను ఆరేళ్లు ఆడిన టీమేరా. ఈయాల ఓడిపోతే కిరాయోడు అమ్ముడుపోయినాడంటారు. రేపట్నుంచి ఈ సందులోనే తిరగాల గదా."

అక్క చేపల వేపుడు చేసింది. నేను కడుపునిండా తిన్నాను. బావ రెండు అరటిపళ్లతో సరిపెట్టుకున్నాడు.

మూడింటికి ఆట మొదలైంది. మొదటి సగంలోనే మనవాళ్లు గోలు కొట్టారు. ఇక రెండో సగమంతా అవతలివాళ్లు మీద పడిపోయారు. ఆఖరి నిమిషంలో వాళ్ల కుర్రాడు మన గోల్‌కీపర్ని దాటేసి బంతిని తన్నేశాడు. అయిపోయిందనుకున్నాను. ఎక్కడి నుంచి వచ్చాడో బావ, గోలు గీత మీద అడ్డంగా పడి ఛాతీతో ఆపేశాడు! ఈల మోగింది. గెలిచాం! "అప్పన్న దా! అప్పన్న దా!" అని మైదానం హోరెత్తిపోయింది. బెంగాలీలో దా అంటే అన్న. నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

కప్పుతో పాటు బహుమతిగా మేకపోతు. అందరూ దాన్ని భుజాన వేసుకుని గంతులేస్తుంటే, బావ ఓ మూలకెళ్లి జెర్సీ విప్పి, దులిపి, మడతపెట్టి టీము సంచిలో వేసేసి బనీనుతో వచ్చేశాడు.

"ఓలమ్మో, జెర్సీ ఏదీ?" అంది అక్క.

"ఇచ్చీసినాను," అన్నాడు. అన్నాక గానీ ఇది సొంత టీమని గుర్తురాలేదు. తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు.

ఇంతలో కెప్టెన్ తవుడు జెర్సీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్లూ బావని వద్దన్నది ఈ తవుడే.

"మనోడి కాడ తిరిగి తీసుకుంటామేట్రా? ఇది నీది!" అని తనే బావ తలకు తొడిగాడు. బావకు చెయ్యి ఎక్కడ దూర్చాలో తెలియలేదు. కళ్లనిండా నీళ్లు మరి.

సోమవారం మధ్యాహ్నం నన్ను బండెక్కించడానికి బావ అదే జెర్సీలో వచ్చాడు, ఉతకలేదు. కలకత్తాలో మ్యూజియం, జూ నేను చూడలేదు, వెళ్లేవాళ్లు చూసి రండి. నాకు మాత్రం ఏ లోటూ లేదు. బండి కదులుతుంటే టీ అమ్మే అతను బావని గుర్తుపట్టి, "దాదా, ఏబార్ కాదేర్ హోయే?" అన్నాడు. ఈసారి ఎవరి తరఫున అని.

"మా బస్తీ తరఫునే!" అని బావ తెలుగులోనే అరిచాడు.