రూతమ్మ టీచరు లాగేసిన కంచం

సొరకాయ సన్నగా తరిగి, గిన్నె నిండా నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు వార్చి పారబోస్తుంటే పచ్చివాసనతో ఆవిరి ముఖానికి కొడుతుంది. రోజూ ఆ ఆవిరిలోనే నాకు రూతమ్మ టీచరు గుర్తొస్తారు. ఈరోజు మరీ గుర్తొస్తున్నారు. మా ఆయన పొద్దున్నే పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చారు, రిపోర్టు సాయంత్రానికి గాని రాదు. రిపోర్టు వచ్చే రోజున నా చేతులు ఒక పని మీద నిలవవు. ఉప్పు వేశానో లేదో గుర్తుండదు, వీధిలో ఫోను మోగితే మాదేననుకుని పరుగెత్తుతాను. ఇన్నేళ్ళయినా ఆ భయం పాతబడలేదు.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలతో దిష్టి తగిలేంత పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం మధ్యనే ఏదో ఒక ఇంట్లో ఎవరికో ఒకరికి కాళ్ళు పొంగడం మొదలవుతుంది. కిడ్నీ జబ్బు అని మేము పైకి అనం, ఒంట్లో నలతగా ఉందంటాం. ఆ మాట పొక్కితే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లని చేసుకోరు. నీళ్ళ వల్లనని ఒకరు, పురుగుమందుల వల్లనని ఇంకొకరు, ఎండలో పని వల్లనని మరొకరు అంటారు. ఎందుకొస్తుందో తెలిస్తే సగం భయం తీరేది. మేముండేది పలాసలో. అక్కడ కరెంటు సామాన్ల దుకాణం నడిపే మా ఆయనకి రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుందని, కిడ్నీలు దెబ్బతింటున్నాయని డాక్టరు చెప్పినప్పుడు నా గుండెల్లో రాయి పడింది. ఇంటికొచ్చాక అత్తయ్య ముందుగా వీధి తలుపు వేశారు.

"ఈ మాట గడప దాటిందంటే ఊరుకోను. నీ మరిదికి సమ్మందాలు సూత్తన్నాం" అన్నారు. మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కితే ఎవరి కంటైనా పడతామని, ఆ తర్వాత వెళ్ళనివ్వలేదు కూడా.

భయపడ్డ మనిషి ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేడు. నేను కూరగాయల మీద పడ్డాను. బజారులో కొన్న ప్రతి కాయలోనూ నాకు పురుగుమందే కనిపించేది. మంచినీళ్ళు పోసి ఇంట్లోనే పండించి పెడితే మనిషి దక్కుతాడని ఒక వెర్రి నమ్మకం. మా వీధి ఆడవాళ్ళు కొందరు ఆదివారాలు ఒకరి తోట ఒకరు చూసి రావడానికి వెళుతుండేవారు. ఎవరి పెరడు ఆ వారం గేటు తీసి ఉంచితే అక్కడికి వెళ్ళి, ఎరువు ఎలా మాగబెట్టాలో, ఏ గింజ ఎప్పుడు వెయ్యాలో నేర్చుకుని, చేతిలో ఇంత నారుతో తిరిగొచ్చేవారు. అలా నేనూ టెక్కలిలో రూతమ్మ టీచరు ఇంటికి వెళ్ళాను. నేను ఎక్కడ నోరు జారతానోనని అత్తయ్య కూడా బస్సెక్కారు.

టీచరు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బాప్టిస్టు చర్చిలో ఆరాధన కాగానే ఆ తెల్లచీరతోనే తోటలోకి దిగిపోయేవారు. నిప్పులు చెరిగే ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న రవికే వేసుకునేవారు. భావనపాడు నుంచి చేపలొచ్చే థర్మోకోల్ పెట్టెలన్నీ తెప్పించి, మట్టి నింపి, వాటిలోనే సగం తోట పెంచారు. చేపల చెత్త మాగేసిన ఎరువు డ్రమ్ము మూత తీస్తే నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను.

"ముక్కు మూసుకోకమ్మా, మొక్కలు సిన్నబుచ్చుకుంతాయి" అని నవ్వారు.

అయితే గింజలిచ్చే ముందు మాత్రం నవ్వేవారు కాదు. గేటు దగ్గర నిలబడి ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేవారు: "మీ ఇంట్లో తినేది ఎవులు? ఆల ఆరోగ్యం ఎలగుంది?" నా వంతు వచ్చింది. అత్తయ్య అందుకున్నారు.

"మాకేటి టీచరమ్మా! అందరం గుండ్రాయిల్లాగున్నాం."

టీచరు ఆవిడను కాదు, నన్ను చూశారు. నేను ఎరువు డ్రమ్మును చూశాను. తోటకూర గింజలు, టమాటా నారు నా చేతిలో పెట్టి, "మొదటి కోతకి నేనొత్తాను. నా గింజలు ఏటి సేత్తన్నాయో సూసుకోవాలి కదా" అన్నారు. ఎవరికి విత్తనమిచ్చినా మొదటి కోత నాడు వాళ్ళింటికి వెళ్ళి చూడటం ఆవిడ పద్ధతి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మా ఇంట్లో అది అక్షరాలా నిజమై కూర్చుంది. తోటకూర ఏపుగా వచ్చింది. టమాటాలు విరగకాశాయి. కాళ్ళలో సత్తువ లేదని ఆయన అంటుంటే, బలం చాల్లేదనుకుని ఇంకో రెండు గరిటెలు వేసేదాన్ని. మా ఊరి నుంచి కొబ్బరిబోండాలు కూడా తెప్పించాను.

చెప్పినట్టే ఒక ఆదివారం మధ్యాహ్నం టీచరు వచ్చారు. ఆయన అప్పుడే భోజనానికి కూర్చున్నారు. కంచంలో తోటకూర పప్పు, టమాటా పచ్చడి, పక్కన గ్లాసుడు కొబ్బరినీళ్ళు. టీచరు గుమ్మంలోనే ఆగిపోయి ఆయన పొంగిన పాదాలు చూశారు, కంచం చూశారు. చెప్పులైనా విప్పకుండా గబగబా లోపలికొచ్చి, ఆయన ముందున్న కంచం లాగేశారు.

తింటున్న మనిషి ముందు నుంచి కంచం తియ్యడం పగవాడు కూడా చెయ్యని పని. అత్తయ్య శివాలెత్తిపోయారు. "నా కొడుకు నోటికాడ కూడు లాగుతావా? నువ్వు టీచరువేనా?" అని వీధి వీధంతా వినేలా అరిచారు.

"తిట్టమ్మా, ఎంత తిడతావో తిట్టు. ఈ కూడు మాత్రం పెట్టకు" అంటూ టీచరు కంచం దూరంగా పెట్టేశారు. ఎడమచేతి రవిక గుండీ తీసి పైకి లాగారు. ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది, దాని పొడవునా సూది మచ్చలు. నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టారు. చర్మం కింద ఏదో జుమ్మని తిరుగుతోంది, గుప్పిట్లో మూసిన తుమ్మెదలాగ. చెయ్యి లాక్కోబోతే వదల్లేదు.

"డయాలసిస్ కోసం నరాలు కలిపి ఇలాగ సేసినారు. నా తోటలో తోటకూర నేను ముట్టను, టమాటా ముట్టను. మంచివే తల్లీ, కిడ్నీ పాడైనోలకి మాత్రం గుండె మీదకి ఒచ్చేత్తాయి. ముందు ఆస్పత్రికి తీసుకెల్లు."

ఆ సాయంత్రమే తీసుకెళ్ళాం. రక్తంలో పొటాషియం బాగా పెరిగిందని, ఇంకా ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టరు అన్నారు. అత్తయ్య వరండా బెంచీ మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

డాక్టరు ఏవి తినొచ్చన్నారో అవే నాటడం, పొటాషియం పోయేలా ముక్కలు ఉడికించి నీళ్ళు వార్చేశాకే కూర వండటం నాకు టీచరే నేర్పారు. ఇన్నాళ్ళూ ఆ చేతిని ఎందుకు దాచారని ఒకసారి అడిగాను.

"తెలిత్తే నా తోటలోది ఎవులు తింతారమ్మా? జబ్బు మట్టిలోనే ఉందనుకుంతారు."

ఆవిడ అన్నట్టే అయింది. మా ఇంట్లో అరుపులు విన్న వీధి, టీచరు చేతి సంగతి నలుగురికీ చెప్పకుండా ఊరుకోలేదు. తర్వాతి ఆదివారాల్లో టీచరు గేటు తీసే ఉంది, కుర్చీలు వేసే ఉన్నాయి, మనుషులు మాత్రం రాలేదు. మా కోసం చెయ్యి చూపించి ఆవిడ తన ఆదివారాలు పోగొట్టుకున్నారు. ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, మీకు భయం వెయ్యదా అని అడిగాను.

"భయం లేదని ఎవులు సెప్పినారు? మిషను ఎక్కిన ప్రతిసారీ భయమే" అంటూ లేచి బీరపాదుకి నీళ్ళు పోశారు.

కిందటి వానాకాలంలో టీచరు పోయారు. ఆవిడ థర్మోకోల్ పెట్టెలు కొన్ని ఇప్పుడు మా పెరట్లో ఉన్నాయి. ఆదివారాలు మా గేటు కూడా తీసి ఉంచుతున్నాను. మొన్న ఆదివారం పెళ్ళికాని పిల్ల ఒకతి వచ్చి, అన్నీ చూసి, టమాటా నారు చేతిలోకి తీసుకుంది. ఇంట్లో తినేదెవరని అడిగాను. "అందరం బాగే ఉన్నామక్కా" అంది, నేలచూపులు చూస్తూ. ఆ చూపు నాకు తెలుసు.

అత్తయ్య వరండాలోనే ఉన్నారు. నా నోటితో మా ఇంటి మాట గడప దాటించడం అదే మొదలు.

"మా ఆయనకి కిడ్నీ జబ్బమ్మా. ఈ తోటలో సగం ఆయన తినకూడనివే. ఇప్పుడు సెప్పు, మీ ఇంట్లో తినేది ఎవులు?"

ఆ పిల్ల టమాటా నారు మెల్లగా కింద పెట్టేసింది.

"మా నాన్న" అంది.

సొర గింజలు తేవడానికి వెనక్కి తిరిగాను. అప్పటికే అత్తయ్య గింజల డబ్బా మూత తీస్తున్నారు.