అట్టపెట్టెల ఫ్యాక్టరీలో తలకిందులైన తెరలు

తిరువళ్ళూరు అవతల ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ల పని చూసేదాన్ని. రోజూ తిరుత్తణిలో లోకల్ బండి ఎక్కి తిరువళ్ళూరులో దిగి, షేర్ ఆటోలో మణవాళనగర్ మీదుగా పోయేదాన్ని.

అందరూ కంప్యూటర్లు అనేవాళ్ళు గానీ, బల్లల మీద ఉన్నవి థిన్ క్లయింట్లు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో మానిటరు, కీబోర్డు, మౌసు. ఆ పెట్టెకు సొంత బుర్రంటూ పెద్దగా ఉండదు. పొద్దున స్విచ్ వెయ్యగానే తనెట్లా ఉండాలని నా గదిలో ఉన్న సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్‌లో ఒక చిన్న సెట్టింగుల ఫైలు ఉంటుంది. తెర రంగు ఏది, గడియారం ఏ మూల, ప్రింటరు ఏది, అన్నీ అందులో రాసి ఉంటాయి. పెట్టె అది చదువుకుని అట్లాగే తయారవుతుంది. ఫైల్లో ఒక్క ముక్క మారిస్తే చాలు, మర్నాటికి ఫ్యాక్టరీ అంతా మారిపోతుంది.

ఈ సంగతి మా మేనేజరుకు తెలియకపోయి ఉంటే బాగుండేది. ఆయనది అత్తిమంజేరిపేట, చెరకు పండించే కుటుంబం. మంచి మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. అందుకేనేమో ఎవరూ ఆయన మాట వినేవాళ్ళు కాదు. నోటీసు బోర్డుకు ఆయన అంటించిన కాగితాలకు, వక్కాకు వేసుకుని వేలికంటిన సున్నం తుడిచి పోయేవాళ్ళు. అలాంటి మనిషికి చెప్పింది చెప్పినట్టు చేసే డబ్బాలు దొరికాయి.

"నువ్వు ఆడ ఒకసారి రాస్తే ఇవన్నీ వింటాయా?" అని అడిగాడు.

"వింటాయి సార్."

"ఎదురు చెప్పవా?"

"చెప్పవు సార్."

అప్పటినుంచి పొద్దున్నే టీ గ్లాసుతో నా గదికి రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు తెర పచ్చరంగు కావాలి. ఇంకోరోజు గడియారం కుడివైపు మూలకు పోవాలి. ఇంకోరోజు తెర మీద "చేతులు కడుక్కోండి" అని రావాలి. ఎవరూ కడుక్కోలేదు, కానీ మాట మాత్రం అన్ని తెరల మీదా వచ్చింది. ఆయనకు అది చాలు. "ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఫైలు" అని హెడ్డాఫీసు మీటింగులో కూడా చెప్పుకున్నాడు.

అప్పుడే లోడింగ్ దగ్గర లారీల వివరాలు కనిపించడానికి గోడకు పైన ఒక పెద్ద మానిటరు పెట్టించాడు. బిగించడానికి వచ్చిన ఆచారి మామ తెచ్చిన ఇనుప చెయ్యి పైకే వంగుతుంది, కిందికి వంగదు. అందుకని దాన్ని తిరగేసి గోడకు కొట్టాడు. దానితోపాటు మానిటరూ తలకిందులైంది. పైగా దొంగలు విప్పుకుపోకుండా స్క్రూల మీద రాయిలా గట్టిపడే బంక పూసేశాడు.

"ఇంక రాదు సార్. పీకితే గోడే వస్తాది. మీరు కంప్యూటర్‌లో తిప్పుకోండి" అని సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

నిజానికి అది తేలికే. ఆ ఒక్క పెట్టెకు విడిగా ఒక ఫైలు పెట్టి, బొమ్మను తిప్పమని ఒక లైను రాస్తే సరిపోతుంది. అదే చెప్పాను.

మేనేజరు ముఖం చిన్నబోయింది. "ఒక దానికి వేరే ఫైలు పెడితే, రేపు అందరూ నాకొకటి అంటారమ్మా. వద్దు. ఒకే ఫైలు."

"అట్లయితే ఫ్యాక్టరీలో అన్నీ తలకిందులవుతాయి సార్."

ఆయన టీ ఊదుకున్నాడు. "అన్నీ అట్లే ఉంటే ఇంక తేడా ఏముండాది?"

అందరికీ ఉన్న ఆ ఒక్క ఫైల్లోనే బొమ్మ తిప్పే లైను రాశాను.

మర్నాడు గోడ మీది మానిటరు ఒక్కటే సరిగా ఉంది. మొదటి కేక అకౌంట్స్ అక్కది. "యేసయ్యా! ఏంది పాపా ఇది? నా లెక్కలన్నీ శీర్షాసనం ఏసినాయే!" మౌసు కుడికి జరిపితే బాణం ఎడమకు పోతోంది. పర్చేజ్ అన్న కాసేపు చూసి, మౌసు తోకను తన పొట్ట వైపు తిప్పి పట్టుకున్నాడు. బాణం సరిగా కదిలింది. "ఆ, వచ్చేసె!" అని మెడ వంచి పని మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి అక్క రెండు అట్టపెట్టెలు తెప్పించి, వాటి మధ్య మానిటరునే తలకిందులుగా నిలబెట్టింది. స్టాండు పీట పైకి లేచి గొడుగులా నిలిచింది. అక్షరాలు తిన్నగా కనబడ్డాయి. అట్టపెట్టెలకు మాకు కరువేముంది? సాయంత్రానికి ఆఫీసంతా అట్లాగే చేసింది.

కొన్నాళ్ళకు హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వాకిట్లోనే ఆగిపోయి, "ఎన్న ఇదు?" అన్నాడు అరవంలో, ఏంటిది అని.

మా మేనేజరు తడుముకోలేదు. "అట్టల దుమ్ము సార్. పైనుంచి పడేది ఈ పీట మీదనే నిలిచిపోతాది, తెర మీదికి రాదు" అని పీట మీద వేలితో గీసి చూపించాడు. నిజంగానే మందంగా దుమ్ముంది. ఆఫీసరు కూడా గీసి, తన వేలు చూసుకుని, ఫోటో తీసుకున్నాడు. వారం తిరక్కుండా పట్టాభిరామ్ బ్రాంచిలో కూడా ఇట్లాగే చెయ్యాలని ఆర్డరు వచ్చింది. చేసి రావడానికి నన్నే పంపారు.

అక్కడి సూపర్‌వైజరు ఎందుకని అడిగితే, దుమ్ముకని చెప్పాను. "మాది గమ్ము పూసే సెక్షనమ్మా. ఇక్కడ దుమ్ము యాడుండాది?" అన్నాడు. ఆర్డరు చూపించాను. "సరిప్పా" అని తనే ముందు తిప్పాడు. ఆ దుమ్ము మాట నేను నవ్వకుండా చెప్పగలిగినందుకు నాకే భయమేసింది. ఆ రాత్రి అన్నాలు తింటూ, మన టీవీకి కూడా దుమ్ము పడుతోందని మా ఆయనతో అన్నాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వైపే చూశాడు.

తర్వాత మేనేజరుకు బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చిన మేడమ్ మొదటిరోజే హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "తీసేయ్" అంది. ఫైల్లో ఆ లైను చెరిపేశాను. మర్నాడు మళ్ళీ గోల, మళ్ళీ అందరూ మానిటర్లు తిప్పుకున్నారు. అకౌంట్స్ అక్క మాత్రం తిప్పనంది.

"నాకిట్లే బాగుండాది మేడమ్. ఇదంతా మళ్ళీ యాడ పెట్టుకునేది?"

పైకి లేచిన పీట మీద ఆమె చిన్న శిలువ, బీపీ మాత్రలు, రెండు మూరల మల్లెపూలు పెట్టుకుంది. మేడమ్ అవన్నీ చూసి నా వైపు తిరిగింది. "ఈమె ఒక్కదానికి వేరేగా పెట్టలేవా?"

"పెట్టొచ్చు మేడమ్" అన్నాను. అక్కకొక ఫైలు, గోడ మీది దానికొక ఫైలు పెట్టాను. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఈమధ్య తిరుత్తణి స్టేషన్లో పాత మేనేజరు కనబడ్డాడు. కొండకు పోయి వస్తున్నాడు, చేతిలో ప్రసాదం పొట్లం ఉంది. ఫ్యాక్టరీ ఎట్లుందని అడిగాడు. అన్నీ మామూలుగా తిప్పేశామని చెప్పాను. సరేనన్నట్టు తల ఊపాడు.

"అకౌంట్స్ అక్కది మాత్రం ఇంకా అట్లాగే ఉంది సార్" అన్నాను.

"ఎవురు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. తిప్పమంటే ఆమే వద్దంది."

"ఇష్టపడేనా?"

"ఇష్టపడే సార్."

బండి వచ్చింది. ఆయన నాకోసం కిటికీ పక్క సీటు పట్టి, పొట్లం విప్పి, పంచామృతం సగం నా చేతిలో పెట్టాడు. తిరువళ్ళూరు వచ్చేదాకా "నాకిట్లే బాగుండాది" అని అక్క అన్న మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.