మంగమారిపేటలో నేను మునిగిన వైనం

నేను సముద్రంలో మునిగి, నన్ను ముంచిన ఈతగాణ్ణి కూడా ఏడిపించి, పడవలో కూర్చున్న మా ఆయన చేత కోటప్పకొండకి మొక్కించిన కథ ఇది. ఎవరూ పోలేదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. పోయింది నా పరువొక్కటే. అదీ పాతికడుగుల లోతున పోయింది.

ముందు కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి, తర్వాత చెప్పుకోడానికేం మిగలదు. మా నాన్న ఇరిగేషన్‌లో పనిచేసేవాడు. డ్యాము పక్కనే ఉన్న విజయపురి సౌత్ క్వార్టర్స్‌లో పెరిగాను. పదేళ్ళకే కుడికాలవ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేదాన్ని. నీళ్ళు తక్కువ వదిలిన రోజుల్లోనే అనుకోండి, అయినా ఈతే కదా. పెళ్ళయి దుర్గి దగ్గర మిరప పండించే ఇంటికి వచ్చాక ఆ గొప్ప ఎవరూ నమ్మలేదు. అందులోనూ మా అత్తమ్మకి నీళ్ళంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఆమె కళ్ళెదుటే వాళ్ళ తమ్ముడు కాలవలో కొట్టుకుపోతుంటే ఎవరో జుట్టు పట్టి లాగారట. అప్పట్నుంచీ బకెట్లో నీళ్ళు ఎక్కువైనా ఆమెకి గుండె దడే.

నాలుగేళ్ళ కిందట మా అమ్మాయి హారిక మూడో తరగతి. వేసవి సెలవుల్లో మాచర్లలో ఈత నేర్పుతున్నారని విని, పంపమని నా కొంగు పట్టుకుంది. నేను వెళ్ళి అత్తమ్మ ముందు నిలబడ్డాను.

"మునిగేదానికి మళ్ళీ క్లాసులు కూడానా?" అంది ఆవిడ, మిరపకాయల తొడాలు తీస్తూ.

"మునక్కుండా ఉండేదానికే అత్తమ్మా. నాకు వచ్చుగా, నేనేమైపోయాను?"

"నీకొచ్చని ఎవురు చూశారే?"

ఇక్కడే నాకు రోషం వచ్చింది. రోషం వచ్చినప్పుడు నేను మాట్లాడకూడదు. మాట్లాడాను. "సముద్రంలో అడుగుదాకా పోయొచ్చి చూపిస్తాను" అన్నాను.

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టింది. "సరే. నువ్వు సముద్రంలో దిగి, భయపడకుండా బయటికి రా. ఆ వీడియో నాకు చూపించు. అప్పుడు పిల్లని పంపిద్దాం. ఏడ్చుకుంటా వచ్చావా, ఈ ఇంట్లో ఈత మాట ఎత్తొద్దు."

అంటే నా కూతురు ఈత నేర్చుకోవడమా మానడమా అన్నది, నేను నీళ్ళ అడుగున పెట్టే మొహం మీద ఆధారపడింది.

ఎక్కడ మునగాలన్నది తేల్చే పని మా ఆయన తీసుకున్నారు. వారం రోజులు ఫోనులో అన్ని బీచ్‌లూ చూసి, ఊళ్ళో అందరినీ అడిగి, చివరికి ఏమీ అర్థంకాని స్థితికి చేరుకున్నారు.

"గోవా అంటన్నారు, అండమాన్ అంటన్నారు. వైజాగే దగ్గర. అక్కడ కూడా ఋషికొండంట, మంగమారిపేటంట, చింతపల్లంట. చింతపల్లి కాడ నీళ్ళ అడుగున మునిగిపోయిన ఓడ ఉందంట, అది చూపిస్తారంట."

"అయితే చింతపల్లే పోదాం."

"ఓడే మునిగిన చోట నువ్వెట్టా తేలతావే?"

మంగమారిపేటలో నీళ్ళలో రాళ్ళుంటాయని, చేపలు ఆ రాళ్ళ చుట్టూ తిరుగుతాయని, ఓడలు మాత్రం ఏమీ మునగలేదని రూఢి చేసుకున్నాక దానికి ఒప్పుకున్నారు. తర్వాత స్నార్కెలింగ్‌కీ స్కూబాకీ తేడా ఏందన్నారు. గొట్టం నోట్లో పెట్టుకుని పైపైన తేలుతూ చూసేది మొదటిది, సిలిండరు వీపున కట్టుకుని కిందికి పోయేది రెండోదని చెప్పాను. ఆయన "మధ్యలో సిలిండరు అయిపోతే ఎవురు తెచ్చిస్తారు?" అని అడిగారు. ఆయన పడవలోనే ఉండేటట్టు అక్కడే నిర్ణయమైపోయింది.

బయల్దేరే రోజు అత్తమ్మ స్టీలు డబ్బా నిండా పండుమిరపకాయ పచ్చడి పెట్టిచ్చింది. సందేహాల్లేని మనిషి కాబట్టి కారణం కూడా చెప్పింది. "బయట తిళ్ళు చప్పగా ఉంటయ్యి. కడుపులో కారం లేకపోతే నీళ్ళలో చలి పుట్టుద్ది."

ఆ పచ్చడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా చేలో కాయ, మా రోట్లో నూరుడు. తిన్న చెయ్యి పొద్దున కడిగితే సాయంత్రం దాకా గుర్తు చేస్తూనే ఉంటుంది. అందుకే మా ఇంట్లో కాయ కోసిన రోజుల్లో అత్తమ్మ వాకిట్లో నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పేది. అప్పటికి పదేళ్ళుగా వింటున్నాను. ఆ మాటేమిటో చివర్లో చెబుతాను, ఎందుకంటే నాకూ చివర్లోనే గుర్తొచ్చింది.

మర్నాడు ఉదయం మంగమారిపేట ఒడ్డున కూర్చుని, పొట్లంలో ఇడ్లీలు, డబ్బాలో పచ్చడి కలిపి కొట్టాను. సముద్రంలో చెయ్యి ముంచి ఆడించి, కడిగేశాననుకున్నాను. ఇంతలో పడవొచ్చింది. నన్ను దించే కుర్రాడి పేరు అప్పలరాజు. అక్కడి జాలర్ల బిడ్డే, చేపలాగా ఈదుతాడు. పడవెక్కగానే కెమెరా ఆన్ చేసి పెట్టి, కళ్ళజోడులాంటి అద్దాల మాస్కు నా చేతికిచ్చాడు.

"మేడమ్, లోపల ఆవిరి పట్టేస్తాదండి. అద్దం మీద ఉమ్మేసి, యేలితో బాగా రుద్దేసి, ఓపాలి నీట్లో ముంచి పెట్టేసుకోండి."

"ఉమ్మెయ్యాలా?"

"అందరూ అదేనండి."

చదువుకున్నదాన్ని, చెప్పింది చెప్పినట్టు చేసే అలవాటు. ఉమ్మాను. కుడిచేతి వేలితో మూలమూలలా, ఇంట్లో అద్దం తుడిచినట్టు శ్రద్ధగా రుద్దాను. ఒక్కసారి ముంచి మొహానికి బిగించాను. అప్పలరాజు నీళ్ళలో వాడే సైగలు నేర్పాడు, కెమెరా పట్టుకున్నాడు, ఇద్దరం దిగాం.

మొదటి రెండు నిమిషాలు స్వర్గం. పసుపుచారల చేపలు గుంపుగా వచ్చి నన్ను చూసి పక్కకు తప్పుకున్నాయి. హారిక కొలనులో ఈదుతున్నట్టు కూడా ఊహించుకున్నాను. మూడో నిమిషంలో కుడికన్ను చురుక్కుమంది. నాలుగో నిమిషంలో రెండూ భగ్గుమన్నాయి. ఉప్పునీళ్ళు కారుతున్నాయేమో అనుకున్నాను. మాస్కులో చుక్క నీళ్ళు లేవు. లోపలున్న నీళ్ళన్నీ నా కన్నీళ్ళే.

అప్పలరాజుకి చెప్పాలి. నోట్లో గొట్టం. నేర్చుకున్న సైగల్లో కళ్ళమంటకి సైగ లేదు. వేలితో నా కళ్ళు చూపించాను. అతను ఉత్సాహంగా తలూపి, రాతి కింద దాక్కున్న పెద్ద చేపని చూపించాడు. కాదని మళ్ళీ కళ్ళు చూపించాను. ఇంకో చేపని చూపించాడు. నేను ఎంత గట్టిగా పొడిచి చూపిస్తే అతను అంత పెద్ద చేపని వెతికి పెట్టాడు. నా జన్మలో ఎవరూ నాకు అంత కష్టపడి ఏదీ చూపించలేదు. నేను వాటిలో ఒక్కదాన్నీ చూడలేదు.

చివరికి ఏదో తేడా ఉందని గ్రహించి, మాస్కులోకి కాసిని నీళ్ళు రానిచ్చి ముక్కుతో ఊదెయ్యమని చేసి చూపించాడు. అలాగే చేశాను. అంతదాకా కళ్ళలో ఉన్న మంట ముక్కులోకి కూడా వచ్చి కూర్చుంది.

అయినా పైకి పోదామని సైగ చెయ్యలేదు. అత్తమ్మ మాట గుర్తుంది. కెమెరా నా మొహం మీదే ఉంది. అప్పలరాజు చెయ్యి పట్టుకుని, ఏమీ కనపడకుండా, అనుకున్న సమయమంతా ఈదాను. పైకొచ్చాకే మాస్కు ఊడబీకాను.

"ఏటైనాదండీ మేడమ్? కళ్ళు చింతనిప్పుల్లాగున్నాయి."

"మాస్కులో ఏదో ఉంది" అన్నాను ఏడుస్తూ.

అతను మాస్కు అటూ ఇటూ తిప్పి చూశాడు. అద్దం మీద వేలు పెట్టి తడిమాడు. ఏమీ లేదే అనుకుంటూ, అదే వేలితో కన్ను నులుముకున్నాడు. అర నిమిషంలో అతనూ నాతో కలిసి ఏడవడం మొదలుపెట్టాడు.

పడవ అంచు నుంచి చూస్తున్న మా ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళామంటే ఆడమనిషి, ఏదో భయపడింది. రోజూ మునిగేవాడు కూడా వెక్కివెక్కి ఏడుస్తున్నాడంటే కింద ఏముందో. "ఏందే, లోపలేం చూశార్రా మీరిద్దరూ?" అని అరిచి, జవాబు వినకుండానే రెండు చేతులూ ఎత్తేశారు. "చేదుకో కోటయ్యా, నా పెళ్ళాన్ని పైకి చేదుకో. తిరణాలకి ప్రభ కట్టుకొస్తా." కోటప్పకొండ శివుడికి తాటిచెట్టంత అలంకారపు ప్రభ మొక్కేశారన్నమాట.

ఒడ్డుకొచ్చాక ముగ్గురం కలిసి, ఏదో విషపు జెల్లీ చేప మాస్కులో దూరి పోయిందని తీర్మానించాం. అప్పలరాజు పాపం ఆ మాస్కుని విడిగా ఇసకలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాడు.

ఇంటికొచ్చాం. ముందు గదిలో టీవీకి ఫోను తగిలించి వీడియో పెట్టాం. నీళ్ళలో దిగి మూడు నిమిషాలయ్యేసరికి తెరనిండా నా ఎర్రటి కళ్ళు, ధారలుగా నీళ్ళు.

"అమ్మ ఏడుస్తోంది నానమ్మా" అంది హారిక. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"జెల్లీ చేపమ్మా, చానా విషమంట" అని మా ఆయన అందుకున్నారు.

అత్తమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. "మొదట్నించి పెట్టు" అంది. పడవలో నేను మాస్కు రుద్దుతున్న చోటికి రాగానే, "ఆపు" అంది.

"ఏ చేత్తో రుద్దావే?"

"కుడిచేత్తో."

"అంతకుముందు ఏం తిన్నావు?"

"ఇడ్లీ."

"ఇడ్లీలోకి?"

నాకప్పుడు గుర్తొచ్చింది, పదేళ్ళుగా ఆవిడ వాకిట్లో నిలబడి చెప్పే మాట. ఇప్పుడూ అదే చెప్పింది. "కారం ముట్టుకున్న చేత్తో కన్ను ముట్టుకోమాక అని ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పక్కటెముకలు పట్టుకుని, కూర్చున్న చోట ఒరిగిపోయి నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని నాకు అంతవరకూ తెలియదు. కళ్ళు తుడుచుకుని కొడుకుని అడిగింది.

"అంత మంటలో ఎంతసేపుందిరా లోపల?"

"ఇరవై నిమిషాలమ్మా."

"మీ నాన్న కంట్లో ఈ పచ్చడి పడితే నట్టింట్లో దోవ తెలీక గోడకి గుద్దుకున్నాడు. ఇది సముద్రంలో ఉండి కూడా పైకి రానంది. దీనికి ఈత వచ్చు." హారిక తల నిమిరింది. "రేపు పిల్లని మాచర్ల తీసకపో."

ఆ మర్నాడు హారిక సంచి ఆవిడే సర్దింది. తువ్వాలు, ఈతబట్టలు, మధ్యాహ్నానికి పెరుగన్నం, చిన్న డబ్బాలో పండుమిర్చి పచ్చడి. పైన ఒక చెంచా. ఆ చెంచా పిల్లకి కాదని, నాకని ప్రత్యేకంగా చెప్పింది.

కాబట్టి, చదివేవాళ్ళందరి ఎదుట, కోటప్పకొండ దిక్కు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సముద్రంలో దిగినా, ఎవరు ఎంత మర్యాదగా చెప్పినా, అద్దం మీద ఎడమచేత్తోనే రుద్దుతాను. పచ్చడి మానేస్తానని మాత్రం ప్రమాణం చెయ్యలేను. చెంచా నా సంచిలోనే ఉంది.