మా ఆయన కుడిచేతిలో తుమ్మెద

నాకు చప్పుడంటే పడదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా ఉద్యోగమే అలాంటిది. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నీటి ప్రవాహాల లేబ్ నాది. గదికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక గాజు గొట్టం ఉంటుంది. పైన ట్యాంకులోంచి దాంట్లోకి నీళ్లు వదులుతాం. ఆ నీళ్ల నడిమధ్యకి సన్నటి సూదిలోంచి పర్మాంగనేట్ రంగు వదులుతాం. నీళ్లు నెమ్మదిగా పోతుంటే ఆ ఊదారంగు గీత చెక్కుచెదరకుండా చివరిదాకా పోతుంది. వేగం పెంచినా, కాస్త కుదుపు తగిలినా గీత వణుకుతుంది, మెలికలు తిరుగుతుంది, ఆనక గొట్టమంతా ఊదారంగై కూర్చుంటుంది. ఆ అల్లరి మొదలవకుండా నీళ్లని ఎంత వేగం దాకా తీసుకెళ్లవచ్చు, గొట్టం గోడ ఎంత గరుకుంటే ఎంత తొందరగా చెడుతుంది అన్నదే ఇన్నేళ్ల నా పరిశోధన.

పక్క వర్క్‌షాపులో లేత్ మెషిన్ తిరిగితే నా గీత చెడిపోతుంది. బయట ఇసుక లారీ వెళ్తే చెడిపోతుంది. అందుకని వర్క్‌షాపు వాళ్లు భోజనాలకి లేచినప్పుడు నేను ప్రయోగం పెట్టుకుంటాను. నా క్యారేజీ చల్లారిపోతుంది. ఎవరైనా చెప్పులతో లోపలికి వస్తే ఊరుకోను, కేకలేస్తాను. పిల్లలు నా వెనకాల ఆ గదిని గుడి అంటారని నాకు తెలుసు. అననివ్వండి, నాకేం.

అలాంటిదాన్ని, ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి మా ఆయన చెయ్యి పట్టుకుని ఆ అల్లరి కోసమే వెతుక్కుంటున్నాను.

ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఎడమచేతి వాటం. కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయని తేలాక డయాలసిస్ కోసం చేతికి ఆపరేషన్ చేశారు. మణికట్టు దగ్గర, గుండె నుంచి వచ్చే రక్తనాళాన్ని తెచ్చి గుండెకు తిరిగి వెళ్లే నరానికి నేరుగా కుట్టేస్తారు. రక్తం ఆ అడ్డదారిన ఒక్క ఉరుకున దూకుతుంది. ఆ ఉరుకుకి నరం ఉబ్బి, లావెక్కి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి పనికొస్తుంది. దాన్ని ఫిస్టులా అంటారు. మామూలుగా ఎడమచేతికి చేస్తారట. ఈయన బొమ్మలు వేసే చెయ్యి అదే కాబట్టి కుడిచేతికి చేశారు.

ఆ అతుకు మీద వేళ్లు పెడితే లోపల తుమ్మెద దూరినట్టు ఝుమ్మంటుంది. డాక్టరుగారు నా వేళ్లు పట్టి అక్కడ పెట్టించారు. "ఇది రోజూ చూసుకోండమ్మా. ఝుమ్మంటోందీ అంటే రక్తం పారుతున్నట్టు. ఆగిందంటే గడ్డ కట్టేస్తుంది. అప్పుడు ఆలస్యం చేశారంటే ఈ చెయ్యి ఇంక పనికిరాదు. రెండో చేతిలో నరాలు మరీ సన్నంగా ఉన్నాయి, దానికి చేసినా నిలుస్తుందని నేను చెప్పలేను" అన్నారు.

అంటే నా మొగుడి ప్రాణం ఆ ఝుమ్ములో ఉంది. రక్తం గొట్టంలో చేసే అల్లరి అది. నేను ఏళ్ల తరబడి అణచాలని చూసింది కూడా అలాంటి అల్లరినే. ఈ సంగతి ఆయనకి ఇంటికొచ్చాక చెబితే పడీ పడీ నవ్వారు. "ఏమోయ్, ఇన్నాళ్లూ నోరెత్తని గొట్టాలతో కాపురం చేశావు. ఇప్పుడు చూడు, అల్లరి మొగుడు తగిలాడు నీకు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా తోమాను.

మా అత్తగారు మాతోనే ఉంటారు. కొడుకు చెయ్యి చూసినప్పటి నుంచీ ఆవిడకి అదంటే హడలు. ఉబ్బిన ఆ నరాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అన్నం వడ్డించేటప్పుడు కూడా ఎడమవైపు నుంచి తిరిగి వచ్చేవారు. "నేను తాకితే ఏమన్నా అవుతుందేమోనమ్మా" అనేవారు. కానీ ఆపరేషన్ రోజునే అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కేసుకున్నారు, ఆ చెయ్యి నిలబడితే కొండమీద వ్రతం చేయిస్తానని.

చెయ్యి నిలబడింది. డయాలసిస్ లేని రోజు చూసుకుని కారు మాట్లాడుకుని ముగ్గురం అన్నవరం వెళ్లాం. వ్రతం బాగా జరిగింది. చివర్లో పంతులుగారు పసుపు దారం తీసి ఆయన కుడిచేతికి కట్టబోతుంటే నేను మధ్యలో దూరాను. "కాస్త వదులుగా కట్టండి పంతులుగారూ, ఆ చేతికి ఆపరేషన్ అయింది." పంతులుగారు పాపం నా వేలు దూరేంత వదులుగానే కట్టారు. నేను వేలు దూర్చి చూసుకున్నాను కూడా.

తర్వాత ప్రసాదం దగ్గర మాకు చిన్న యుద్ధం. మా ఆయనకి ఏది ఎంత తినాలో లెక్కలున్నాయి. ఒక్క చెంచా అన్నాను. ఆకులో ఉన్నదంతా లాగించి, వేళ్లు నాకుతూ, "స్వామివారి దగ్గర కూడా నీ పెత్తనమేనా" అన్నారు. నాకు ఒళ్లు మండి ప్రసాదం పొట్లాలు కట్టుకుంటూ మొహం తిప్పేసుకున్నాను. ఈలోగా ఆయన కుళాయి దగ్గరికి పోయి చెయ్యి కడుక్కున్నారు. వెనకే తువ్వాలు పట్టుకుని మా అత్తగారు వెళ్లారు. ఆ చెయ్యి ఎవరి కంటా పడకూడదని ఆయన ఎప్పుడూ నిండుచేతుల చొక్కా వేసి గుండీ పెట్టుకుంటారు. అలాగే పెట్టుకుని వచ్చి కార్లో కూర్చుని నిద్రపోయారు.

కార్లో నాకు ఎడమపక్క ఆయన, కుడిపక్క మా అత్తగారు. జగ్గంపేట దాటాక, నిద్రపోతున్న మనిషి మీద ఎంతసేపని అలుగుతాం, అలవాటుగా ఆయన చెయ్యి ఒళ్లోకి లాక్కుని చొక్కా మీదనుంచే వేళ్లు పెట్టాను.

ఝుమ్మనడం లేదు.

వేళ్లు ఇటు జరిపాను, అటు జరిపాను. నాడి మటుకు టప్‌టప్‌మని గట్టిగా కొట్టుకుంటోంది. అంతే. గొట్టానికి అవతల కుళాయి కట్టేస్తే ఏమవుతుందో నాకంటే ఎవరికి బాగా తెలుసు? పారడం ఆగిపోతుంది, వెనకనుంచి వచ్చే తోపు మాత్రం వచ్చి గోడకి కొట్టుకుంటూ ఉంటుంది. చొక్కా గుండీ ఊడదీసి చూద్దును కదా, ఆ పసుపు దారం చర్మంలోకి దిగిపోయి ఉంది. తడిసి ఉంది. నూలు దారం తడిస్తే పొట్టిదవుతుంది. అయినా అంత వదులు దారం ఇంతగా ఎలా బిగిసిందని చూస్తే, పంతులుగారు వేసిన ముడి పక్కన ఇంకో ముడి.

"ఇది ఎవరు బిగించారు?" అని అరిచాను. డ్రైవరు ఉలిక్కిపడి కారు పక్కకి తీసి ఆపేశాడు. ఆయన కళ్లు తెరిచారు.

"నేనేనమ్మా" అన్నారు మా అత్తగారు. "చెయ్యి కడుక్కుంటుంటే జారి పడిపోబోయింది. స్వామి దారం ఆ మురుగులో పడితే ఎలాగని, చెయ్యి ముట్టుకోకుండా కొసలు రెండూ లాగి ముడేశాను. ఏంటమ్మా, ఏమైంది?"

నా నోటికి రావలసిన మాటలన్నీ వచ్చేశాయి, పళ్ల దాకా. ఆవిడ మొహం చూసి మింగేశాను. "అల్లరి ఆగిపోయిందండీ" అన్నాను. ఇంకోలా చెప్పడానికి మాట దొరకలేదు.

ముడి గోటికి అందడం లేదు. "కత్తెర లేదండీ మేడమ్ గారూ, ముందు కొట్టు దగ్గర ఆపమంటారా?" అని డ్రైవరు సొరుగంతా వెతుకుతున్నాడు. వ్రతం దారం దానంతట అది ఊడాలి గాని మనం తెంపకూడదని మా ఇంట్లో పట్టింపు. అది పెట్టిందే మా అత్తగారు. ఆవిడ "జరుగమ్మా" అని నన్ను వెనక్కి నెట్టి, నా ఒళ్లోకి వంగి, ఇన్ని నెలలుగా ముట్టుకోని ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గరికి తీసుకున్నారు. ఉన్న కాసిని పళ్లతో దారాన్ని కొరికేశారు.

మళ్లీ వేళ్లు పెట్టాను. ఏమీ లేదు. బయట లారీలు పోతున్నాయి, కారు అదురుతోంది, నా వేళ్లకి ఏది ఏదో తెలియడం లేదు. ఈయన లేకపోతే నేను ఉండలేను. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా ఆయనతో అనలేదు నేను.

"పలుకుతోందా ఏమోయ్?" అన్నారాయన. అంత చిన్న గొంతు ఆయనది నేనెప్పుడూ వినలేదు.

"ఉండండీ, మాట్లాడకండి" అని కసిరాను.

అప్పుడు ఎక్కడో దూరంగా పిండిమర మొదలైనట్టు, సన్నగా వచ్చింది. ఆగి, మళ్లీ వచ్చింది. తర్వాత ఆగలేదు. నేను ఏడుస్తూ ఆయన్ని తిట్టాను, ప్రసాదం అంత తిన్నందుకు. ఆ టైములో తిట్టడానికి నాకు అదే దొరికింది.

మా అత్తగారు తెగిన దారం గుప్పిట్లో పట్టుకుని మూలకి ఒదిగిపోయారు. ఆవిడ చెయ్యి లాగి, వేళ్లు తీసుకెళ్లి అక్కడ పెట్టాను. "అమ్మో" అని వెనక్కి తీసుకున్నారు. ఓ క్షణం ఆగి తనంతట తనే మళ్లీ పెట్టారు. ఈసారి తియ్యలేదు.

"వీడు కడుపులో మొదటిసారి కదిలినప్పుడు ఇలాగే అనిపించిందమ్మా" అన్నారు.

తిన్నగా ఆసుపత్రికే పోయాం. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి విని, గడ్డ ఏమీ కట్టలేదు, చెయ్యి బాగానే ఉందన్నారు. ఇంకెప్పుడూ ఆ చేతికి దారం గాని, వాచీ గాని ఏదీ కట్టవద్దని ముగ్గురికీ కలిపి చీవాట్లు పెట్టారు. బయటికి వచ్చాక మా అత్తగారు ఆ కొరికిన దారాన్ని ముడేసి ఆయన ఎడమచేతికి కట్టారు. "స్వామికి కుడీ ఎడమా పట్టింపులుంటాయా ఏంటి" అన్నారు, పట్టింపులన్నీ తనవి కానట్టు.

ఇప్పుడు పొద్దున్నే మొదటి వంతు ఆవిడదే. నేను కాఫీ కలిపి వచ్చేసరికి కొడుకు మంచం పక్కన కూర్చుని, ఆ మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంటారు. నా వంతు తర్వాత. అది చూసుకుంటే గాని నేను కాలేజీకి కదలలేను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్లుగానే ఉంటుంది.

"అత్తయ్యగారూ, టైమవుతోందండీ, ఇటివ్వండి" అంటాను.

ఆవిడ కళ్లు తెరవరు.

"ఉండమ్మా" అంటారు. "ఇంకా కదులుతున్నాడు."