ఫిల్టర్ దిమ్మా, నానమ్మ రాయీ

ఈ సాయంత్రం షాదీపూర్‌లో అక్వేరియం షాపుకి అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళడం నా బుద్ధితక్కువ. ఉప్పునీటి తొట్టిలో చేపల మలినాన్ని తినే బాక్టీరియాకి ఫిల్టర్‌లో ఓ ఇల్లు కావాలి. స్పాంజి పెట్టాలా, ప్లాస్టిక్ బంతులా, చిల్లుల సిరామిక్ దిమ్మా అని వారం నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. షాపతన్ని నేనింకా ప్రశ్నలు అడుగుతుండగానే అమ్మ ఆ దిమ్మ తీసి, చెప్పు విడిచి, మడమ మీద రుద్దేసుకుంది.

“అమ్మా, అది కాళ్ళకి కాదు!”

“తెలుసులేరా. అచ్చం మీ నానమ్మ రాయిలాగే గరుగ్గా ఉంది. ఇదే తీసుకో. భయ్యా, ఏక్ ఔర్ దేనా!” అని షాపతన్ని ఇంకొకటి కూడా ఇమ్మంది.

ఫెరార్గంజ్‌లో మా చిన్నప్పటి ఇంట్లో నూతి గట్టు మీద ఉండేది ఆ రాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడపు ముక్క. నేను బడి నుంచి రాగానే నానమ్మ పట్టుకుని కాళ్ళు రుద్దుతుంటే ఊరంతా వినబడేలా అరిచేవాణ్ణి. పగడాలు ముట్టుకోకూడదని చట్టం ఉంది కాబట్టి ఇప్పుడు అలాంటిది ఏరితే కేసు పెడతారు.

ఒక దిమ్మ ఫిల్టర్‌లోకి వెళ్ళింది. రెండోది బాత్‌రూమ్‌లో బకెట్ పక్కన చేరింది. ఇందాక స్నానానికి వెళ్ళి, ఎవరూ పట్టుకుని కూర్చోబెట్టకుండానే కాళ్ళు రుద్దుకున్నాను.

మీ కాళ్ళు ఎవరు రుద్దేవారు?